హైడ్రోజన్ ఇంటి పొయ్యికా? యూరియా బస్తాకా?

ఫోన్ తెరిస్తే చాలు, హైడ్రోజన్ వీడియోలే. ఒకాయన ట్యాంకుల నీళ్లు పోసి మోటర్‌సైకిల్ నడిపిస్త అంటడు. ఇంకొకాయన ఇగ పెట్రోల్ బంకులన్నీ బంద్ అయితయి అంటడు. ఇంకో దిక్కు సర్కార్లు లక్షల కోట్ల లెక్కలు చెప్తున్నయి. 2025 జనవరి 8న విశాఖపట్నం వచ్చిన ప్రధాని మోదీ, అనకాపల్లి జిల్లా పూడిమడక కాడ ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు పునాదిరాయి వేసిండు. పెట్టుబడి సుమారు 1 లక్షా 85 వేల కోట్లు అన్నరు. కాకినాడల గ్రీన్ అమ్మోనియా ఫ్యాక్టరీ లేస్తున్నది. దేశం మొత్తానికి 19,744 కోట్లతోని నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను 2023 జనవరిల కేంద్రం ఒప్పుకున్నది.

మరి గీ హైడ్రోజన్ ఏడికి వస్తది? మన ఇంట్ల గ్యాస్ పొయ్యికా? పట్నంల తిరిగే బస్సుకా? ఊరి పొలంల చల్లే ఎరువుకా? ఈ ప్రశ్న ఉత్తగ అడిగేది కాదు. సోలార్ ప్లేట్లు పెట్టేది మన భూముల మీద. నౌకరీ వస్తదని కోర్సుల చేరి ఫీజులు కట్టేది మన పిల్లలు. సబ్సిడీ ఇచ్చేది మన పన్నుల పైసలతోని. గందుకే పట్నాలల్ల హైడ్రోజన్ పెట్టి చూసినోళ్ల కాడ ఏమైందో ముందుగాల తెలుసుకోవాలె.

బాయిల నీళ్లు, ట్యాంకుల నీళ్లు

మొదలు ఒక్క ముచ్చట మనసుల పెట్టుకోవాలె. బొగ్గు, పెట్రోల్ భూమిల దొరుకుతయి. తవ్వి తీస్తే వాటిల శక్తి ముందే ఉంటది. హైడ్రోజన్ గట్ల కాదు. అది ఒంటిగ దొరికేది చానా తక్కువ. నీళ్లల్ల ఆక్సిజన్‌తోని అతుక్కొని ఉంటది, సహజ వాయువుల కార్బన్‌తోని అతుక్కొని ఉంటది. ఆ అతుకు ఊడదీయాలంటే శక్తి ఖర్చు పెట్టాలె.

బోరు మోటర్ పెట్టి నీళ్లను పైన ట్యాంకుకు ఎక్కిస్తం. ఆ ట్యాంకు నీళ్లను కిందికి ఇడిసి చిన్న డైనమో తిప్పితే కరెంట్ వస్తది. వస్తది గానీ, మోటర్‌కు కాలిన కరెంట్ కంటే తక్కువే వస్తది. ఎంత మంచి మోటర్ పెట్టినా అంతే. హైడ్రోజన్ కూడా ఆ ట్యాంకు నీళ్ల లెక్కనే. అది శక్తి పుట్టే బాయి కాదు, శక్తిని దాసిపెట్టే ట్యాంకు.

ఇగ లెక్క చూడుండ్రి. నీళ్లను కరెంట్‌తోని విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 నుంచి 55 యూనిట్ల కరెంట్ పడుతది. ఆ కిలో హైడ్రోజన్‌ల ఉండే శక్తి సుమారు 33 యూనిట్లు. అంటే తయారీ కాడనే మూడో వంతు పోయింది. 'నీళ్లు పోస్తే నడిచే బండి' అబద్ధం అని చెప్పెటందుకు ఇదొక్కటి చాలు. బ్యాటరీ కరెంట్‌తోని నీళ్లను విడగొట్టి, ఆ గ్యాస్‌తోని ఇంజన్ నడిపి, ఆ ఇంజన్‌తోని మళ్ల బ్యాటరీ ఎక్కించుడంటే ప్రతి మెట్టు కాడ కొంత కారిపోతనే ఉంటది. గసొంటి కిట్లు అమ్ముతం, డీలర్‌షిప్ ఇస్తం అని ఎవరన్న ఫోన్ చేస్తే మాట్లాడకుండ పెట్టెయ్యాలె.

రంగుల ముచ్చట కూడా ఈడనే చెప్పుకుందం. హైడ్రోజన్‌కు రంగు లేదు. తీసే పద్ధతిని బట్టి పేర్లు పెట్టిండ్రు. సహజ వాయువు నుంచి తీసి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలకు ఇడిస్తే అది గ్రే. గిట్ల ఒక కిలో హైడ్రోజన్ తీస్తే 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతది. ఆ పొగను పట్టి భూమిల పాతిపెడితే బ్లూ. సోలార్, గాలి కరెంట్‌తోని నీళ్ల నుంచి తీస్తే గ్రీన్. ఇయ్యాల ప్రపంచం ఏడాదికి వాడే హైడ్రోజన్ 9 కోట్ల టన్నుల కంటే ఎక్కువ. అండ్ల కాలుష్యం తక్కువ ఉండే పద్ధతిల వచ్చేది నూటికి ఒక్క వంతు కూడా లేదు. మిగిలిందంతా గ్యాస్ నుంచి, బొగ్గు నుంచి వచ్చేదే.

పట్నం పైపులల్ల హైడ్రోజన్ కొత్తది కాదు

ఇండ్లకు పైపులల్ల హైడ్రోజన్ పంపుడు రెండు వందల ఏండ్ల కిందటి పనే. 1812ల లండన్‌ల ఒక కంపెనీ పెట్టి, బొగ్గును గాలి తగలకుండ కాల్చి గ్యాస్ తీసి, పైపులల్ల ఇండ్లకు, వీధి దీపాలకు పంపిండ్రు. దాన్ని టౌన్ గ్యాస్ అన్నరు. అండ్ల దగ్గర దగ్గర సగం హైడ్రోజనే. కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుండె, అది పీలిస్తే పాణం పోతది. మన కలకత్తాల వీధి దీపాలు కూడా 1850లల్ల గసొంటి గ్యాస్‌తోనే వెలిగినయి. హాంకాంగ్‌ల ఇయ్యాల్టికీ ఇండ్లకు వచ్చే గ్యాస్‌ల సుమారు సగం హైడ్రోజన్ ఉంటది.

1965ల బ్రిటన్‌కు సముద్రం అడుగున సహజ వాయువు దొరికింది. 1967 నుంచి 1977 దాంక పదేండ్లు ఇంటింటికీ తిరిగి, సుమారు కోటీ 30 లక్షల కనెక్షన్లకు పొయ్యిలు, బర్నర్లు మార్చి, టౌన్ గ్యాస్ తీసేసి సహజ వాయువు ఇచ్చిండ్రు. ఆ పని చేసిన దేశం గాబట్టే, 'అప్పుడు హైడ్రోజన్ నుంచి సహజ వాయువుకు మారినం, ఇప్పుడు ఎనుకకు మారుదం' అనే ఆలోచన వాళ్లకు వచ్చింది.

అక్కడ ఇంటికి గ్యాస్ అంటే వంట ఒక్కటే కాదు. చలి దేశం. ప్రతి ఇంట్ల బాయిలర్ ఉంటది. అది నీళ్లు కాగబెట్టి గదులల్ల ఉన్న ఇనుప రేడియేటర్లకు పంపుతది. చలికాలం గది ఎచ్చగ లేకుంటే ముసలోళ్లు సచ్చిపోతరు. గంత అవసరం. ఆ బాయిలర్లకు కాలే సహజ వాయువు తోని బోలెడంత కార్బన్ పోతది, దాన్ని ఆపాలె. 2016ల లీడ్స్ అనే పెద్ద పట్నం మొత్తం గ్యాస్ పైపులను నూటికి నూరు హైడ్రోజన్‌కు మార్చొచ్చని అక్కడి గ్యాస్ కంపెనీ ఒక రిపోర్టు తెచ్చింది. పైపులు ఉన్నయి, భూమి తవ్వే పని తక్కువ, జనం అలవాటు మారదు అన్నరు. చెవులకు ఇంపుగనే ఉన్నది.

'హైడ్రోజన్ ఊరు' వద్దన్న ఊర్లు

పెద్ద పట్నం మార్చే ముందు చిన్నగ ఒక ఊరు మార్చి చూద్దమని సర్కార్ అనుకున్నది. 'హైడ్రోజన్ విలేజ్' అని పేరు పెట్టిండ్రు. రెండు జాగలు ముందుకు వచ్చినయి. ఒకటి ఎల్స్‌మియర్ పోర్ట్ కాడి విట్‌బీ, ఇంకొకటి రెడ్‌కార్. ఒక్కోదాంట్ల సుమారు 2,000 ఇండ్లు.

విట్‌బీల జనం ఎదురు తిరిగిండ్రు. 'మమ్ములను అడగకుండ మా ఇంటిని ప్రయోగశాల ఎట్ల చేస్తరు? ప్రయోగం అయిపోయినంక బిల్లు ఎవరు కడుతరు? మాకు వద్దంటే వేరే తొవ్వ ఉన్నదా?' అని అడిగిండ్రు. మీటింగులు పెట్టిండ్రు, బోర్డులు కట్టిండ్రు. 2023 జులైల సర్కార్ ఆ ఊరిని పక్కకు పెట్టింది. అదే ఏడాది డిసెంబర్‌ల రెడ్‌కార్ కూడా రద్దయింది. ఆడ చెప్పిన కారణం, కావలసినంత హైడ్రోజన్ దొరుకుతలేదు అని. స్కాట్లాండ్‌ల ఫైఫ్ ప్రాంతంల 300 ఇండ్లతోని అనుకున్న ఇంకో చిన్న ప్రయోగం మాత్రం మిగిలింది.

మన కాడ ప్రాజెక్టు అంటే అధికారులు వచ్చి ఫ్లెక్సీ కట్టి పోతరు. ఆడ ఊరోళ్లు అడిగిన ప్రశ్నల ముందు సర్కారే ఎనుకకు తగ్గింది. ఇండ్ల నేర్చుకునేది ఉన్నది.

జనం భయం ఒక్కటే కారణం కాదు, లెక్క కూడా కుదరలే. వంద యూనిట్ల కరెంట్ తీసుకుంటే, దాంతోని హైడ్రోజన్ తీసి, ఒత్తిడి పెట్టి, పైపులల్ల పంపి, బాయిలర్‌ల కాల్చేసరికి గదికి అందే వేడి 55, 60 యూనిట్లు. అదే వంద యూనిట్లను హీట్ పంప్‌కు ఇస్తే సుమారు 300 యూనిట్ల వేడి వస్తది. ఇదేం మాయ కాదు. హీట్ పంప్ అంటే మన ఏసీని తిప్పి పెట్టినట్టు. ఏసీ గదిల వేడిని బయటికి తోస్తది, హీట్ పంప్ బయటి గాలిల ఉన్న వేడిని లోపలికి తోడుతది. వేడిని పుట్టిస్తలేదు, మోస్తున్నది. గందుకే ఒక్క యూనిట్‌తోని మూడు యూనిట్ల వేడి. అంటే హైడ్రోజన్ బాయిలర్‌కు అయిదు రెట్ల కరెంట్ కావాలె. అయిదు రెట్ల సోలార్ ప్లేట్లు, అయిదు రెట్ల గాలిమరలు.

2023 అక్టోబర్‌ల బ్రిటన్ జాతీయ మౌలిక వసతుల కమిషన్, ఇండ్లు ఎచ్చగ చేసెటందుకు హైడ్రోజన్‌కు మద్దతు ఇచ్చే కారణం తమకు కనబడుతలేదని తేల్చి చెప్పింది. యాన్ రోసెనో అనే పరిశోధకుడు ఏ కంపెనీకీ సంబంధం లేని పరిశోధనలు 2022ల 32, ఆ తర్వాత 54 ముందట వేసుకొని చూసిండు. ఇండ్లను ఎచ్చగ చేసే పనిని పెద్ద ఎత్తున హైడ్రోజన్‌కు అప్పజెప్పుడు మంచిదని చెప్పింది ఆయనకు ఒక్కటీ దొరకలే.

భద్రత ముచ్చట కూడా ఉన్నది. సహజ వాయువు గాలిల 5 నుంచి 15 శాతం దాంక కలిస్తేనే అంటుకుంటది. హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాంక ఎంత కలిసినా అంటుకుంటది. దాని మంట పగటి పూట కంటికి సరిగ కనబడదు. అణువు చానా చిన్నది, సందు దొరికితే జారిపోతది. అయితే తేలికది గాబట్టి బయట కారితే గబుక్కున పైకి లేచి పోతది, ఎల్‌పీజీ లెక్క నేల మీద కమ్ముకోదు. అంటే దాన్ని వాడరాదని కాదు. ఫ్యాక్టరీల శిక్షణ ఉన్నోళ్ల చేతుల పెట్టుడు ఒక లెక్క, ప్రతి ఇంటి వంటగదిల పెట్టుడు ఇంకో లెక్క.

మన పొయ్యి లెక్క

మనకు గదులు ఎచ్చగ చేసే పని లేదు. ఎండాకాలం సల్లగ చేసుకునే తిప్పలే. మన ఇంట్ల వేడి అంటే వంట, స్నానం నీళ్లు. మన దేశంల కూడా ఒక ప్రయోగం జరుగుతున్నది. గుజరాత్‌ల సూరత్ దగ్గర కవాస్‌ల ఎన్టీపీసీ తన టౌన్‌షిప్ ఇండ్లకు వచ్చే పైపు గ్యాస్‌ల హైడ్రోజన్ కలిపి ఇస్తున్నది. 2023 జనవరిల షురువైంది. మొదట 5 శాతం, తర్వాత 8 శాతం దాంక కలిపిండ్రు.

ఈ శాతం చూసి మోసపోవద్దు. హైడ్రోజన్ చానా పలచటి గ్యాస్. అంతే జాగల పట్టే సహజ వాయువుతోని పోలిస్తే మూడో వంతు కంటే తక్కువ శక్తి. గందుకే 8 శాతం కలిపితే శక్తిల దాని వాటా రెండున్నర శాతమే. 20 శాతం కలిపినా 7 శాతమే. చాయ్‌ల పాలు కొలిచినట్టు కొలిస్తే గ్లాసు నిండినట్టే కనబడుతది, చిక్కదనం మాత్రం లేదు.

మన ఇంట్ల గ్యాస్ బుడ్డి తీసుకుందం. అండ్ల 14.2 కిలోల ఎల్‌పీజీ, సుమారు 180 యూనిట్ల శక్తి. గంత శక్తిని హైడ్రోజన్‌తోని ఇయ్యాలంటే అయిదున్నర కిలోలు కావాలె. దాన్ని తీసెటందుకే 300 యూనిట్ల కరెంట్. అదే వంట ఇండక్షన్ పొయ్యి మీద చేస్తే 120, 130 యూనిట్లల్ల అయిపోతది. యూనిట్ 5 రూపాయలు అనుకుంటే, హైడ్రోజన్ వంటకు కరెంట్ ఖర్చే 1,500. ఇండక్షన్‌కు 600, 650. మరి సోలార్ కరెంట్ ఉన్నప్పుడు దాన్ని నేరుగ పొయ్యికి ఇస్తమా, సగం పారబోసి ఇస్తమా?

బస్సుల ముచ్చట

ఇగ బండ్లకు వద్దం. హైడ్రోజన్ బస్సుల ఇంజన్ కాలదు. ఫ్యూయల్ సెల్ అనే డబ్బా ఉంటది. ఒక దిక్కు నుంచి హైడ్రోజన్, ఇంకో దిక్కు నుంచి గాలిల ఆక్సిజన్ వస్తయి. రెండూ కలిసి నీళ్లయితయి, కరెంట్ పుడుతది. ఆ కరెంట్‌తోని మోటర్ తిరుగుతది. ఎనుక పైపుల నుంచి పొగ రాదు, ఆవిరి వస్తది. పట్నం గాలికి ఇది మంచిదే, అండ్ల అనుమానం లేదు. 2022 మార్చిల కేంద్ర మంత్రి గడ్కరీ టయోటా మిరాయ్ అనే గసొంటి కారుల పార్లమెంటుకు పోయిండు. 2023 సెప్టెంబర్‌ల ఢిల్లీల ఇండియన్ ఆయిల్, టాటా మోటార్స్ కలిసి హైడ్రోజన్ బస్సులు రోడ్డెక్కించిండ్రు. లద్దాఖ్‌ల లేహ్‌ల ఎన్టీపీసీ సోలార్ కరెంట్‌తోని హైడ్రోజన్ తీసి 5 బస్సులు నడిపే ఏర్పాటు చేసింది.

తిప్పలు ఎక్కడంటే నింపుడు కాడ. ఒక కిలో హైడ్రోజన్ మామూలుగ ఇడిస్తే సుమారు 12 వేల లీటర్ల జాగ పడుతది. దాన్ని బస్సు ట్యాంకుల పట్టియ్యాలంటే 350 రెట్ల గాలి ఒత్తిడి పెట్టాలె, కారుల అయితే 700 రెట్లు. కారు టైరుల ఉండే ఒత్తిడి రెండు రెట్లే అని గుర్తు పెట్టుకుంటే ఇదెంతో తెలుస్తది. గంత ఒత్తిడికి ఆగే ట్యాంకులు, కంప్రెసర్లు, బంకులు, అన్నీ పిరమే. అమెరికాల కాలిఫోర్నియాల కార్లకు హైడ్రోజన్ నింపే బంకులను షెల్ కంపెనీ 2024 ఫిబ్రవరిల మూసేసుకున్నది.

ఫ్రాన్స్‌ల మోంపెల్యే అనే పట్నం కథ ఇంకా సాఫ్‌గ చెప్తది. ఆ పట్నం 51 హైడ్రోజన్ బస్సులు కొందమని నిర్ణయించింది. కొనే ముందు లెక్క చేస్తే, హైడ్రోజన్ బస్సు కిలోమీటర్ నడిచే ఖర్చు 95 సెంట్లు, కరెంట్ బస్సుది 15 సెంట్లు. ఆరు రెట్లు. 2022 జనవరిల మేయర్ ఆ ఆర్డర్ రద్దు చేసి కరెంట్ బస్సులకే పోయిండు.

మన లెక్కల చూద్దం. హైడ్రోజన్ బస్సు వంద కిలోమీటర్లకు సుమారు 8 కిలోలు తాగుతది. 8 కిలోలు తీయాలంటే 440 యూనిట్లు. బ్యాటరీ బస్సు అదే వంద కిలోమీటర్లకు 120, 130 యూనిట్లతోని పోతది. హైదరాబాద్‌ల ఎయిర్‌పోర్టుకు కరెంట్ బస్సులు 2019 నుంచే తిరుగుతున్నయి. పట్నంల బస్సు రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతదో ముందే తెలుసు, రాత్రి డిపోల నిలబడుతది, ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. గసొంటి జాగల హైడ్రోజన్ గెలుసుడు కష్టం.

రైళ్లు కూడా గంతే. జర్మనీల బ్రెమర్‌ఫోర్డే లైన్ మీద 2022 ఆగస్టుల హైడ్రోజన్ రైళ్లు మొదలైనయి, 14 రైళ్లు కొన్నరు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ఆ రాష్ట్రమే, ఇగ కొనేటియి బ్యాటరీ రైళ్లే అన్నది. మన దేశంల హర్యానాల జింద్–సోనీపత్ లైన్‌కు హైడ్రోజన్ రైలు తయారు చేసిండ్రు. ఇంజనీర్లు నేర్చుకునెటందుకు మంచిదే. కానీ మన బ్రాడ్‌గేజ్ లైన్లు దాదాపు అన్నిటి మీదా కరెంట్ తీగలు పడ్డయి. తీగ పైననే ఉన్నప్పుడు ట్యాంకు మోసుడు ఎందుకు?

దూరం పోయే పెద్ద లారీల సంగతి మాత్రం ఇంకా తేలలే. బరువు ఎక్కువ, ఆగే టైమ్ తక్కువ. దాన్ని పరీక్షించెటందుకు 2025 మార్చిల కేంద్రం 37 బండ్లకు, 9 నింపే స్టేషన్లకు సుమారు 208 కోట్లు ఇచ్చింది. అండ్ల 15 ఫ్యూయల్ సెల్ బండ్లు, 22 హైడ్రోజన్‌ను ఇంజన్‌ల కాల్చి నడిచే బండ్లు; బస్సులు, లారీలు రెండూ ఉన్నయి. ఎంచుకున్న తొవ్వలల్ల మన విశాఖపట్నం–బయ్యవరం రోడ్డు కూడా ఉన్నది. పరీక్ష చేయనియ్యాలె. కానీ పరీక్షల నడిసిన కిలోమీటర్లు, అయిన ఖర్చు జనం ముందట పెట్టాలె.

అయితే హైడ్రోజన్ ఎందుకు? బస్తా చూడుండ్రి

ఇదంతా చదివి హైడ్రోజన్ దండుగ అనుకుంటే పొరపాటు. హైడ్రోజన్ లేకుండ మన బువ్వ లేదు. యూరియా ఎట్ల అయితది? గాలిల నైట్రోజన్, హైడ్రోజన్ కలిపితే అమ్మోనియా. అమ్మోనియాకు కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. మన రామగుండం ఫ్యాక్టరీ ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా చేసే సత్తా ఉన్నది. అది నడిచేది సహజ వాయువు మీద. ఆ గ్యాస్ ఎందుకు? హైడ్రోజన్ తీసెటందుకే. మన దేశం ఏడాదికి వాడే హైడ్రోజన్ సుమారు 50 లక్షల టన్నులు. అండ్ల పెద్ద వాటా ఎరువుల ఫ్యాక్టరీలకు, చమురు శుద్ధి చేసే రిఫైనరీలకే పోతది.

గ్యాస్‌ల చానా వరకు బయటి దేశాల నుంచి ఓడలల్ల వస్తది. ఆడ యుద్ధం అయితే ఈడ ధర లేస్తది. 2025 వానకాలంల యూరియా కోసం తెల్లారకముందే చెప్పులు లైన్ల పెట్టిన రైతులను మనం చూసినం. ఆ లైన్‌కు కారణాలు చానా ఉన్నయి, అన్నీ హైడ్రోజన్ మీద వెయ్యరాదు. కానీ ఎరువు ముడి సరుకు కోసం సముద్రం అవతలికి చూసే దేశానికి, సొంత ఎండతోని అమ్మోనియా చేసుకునుడు ఎంత అవసరమో ఆ లైన్ చెప్తది.

పొయ్యికి, బస్సుకు, ఎరువుకు తేడా ఈడనే ఉన్నది. పొయ్యికి హైడ్రోజన్ బదులు కరెంట్ పెట్టొచ్చు. సిటీ బస్సుకు బ్యాటరీ పెట్టొచ్చు. అమ్మోనియాల హైడ్రోజన్ బదులు ఏమీ పెట్టరాదు. అది ఆడ ఇంధనం కాదు, ముడి సరుకు. ఇడ్లీకి మినపప్పు ఎట్లనో గట్ల. ఉక్కు ఫ్యాక్టరీల కూడా ఇనుప రాయిల నుంచి ఆక్సిజన్‌ను తీసెటందుకు బొగ్గు బదులు హైడ్రోజన్ వాడొచ్చని స్వీడన్‌ల చేసి చూపిస్తున్నరు.

ఒక మెలిక ఉన్నది. యూరియాకు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలె. గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసినప్పుడు అది పక్కకే దొరుకుతది, నీళ్ల నుంచి తీస్తే దొరకదు. గందుకే గ్రీన్ అమ్మోనియా ముందుగాల డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులకు సులువుగ పోతది. ఆ ఎరువులు చేసే ఫ్యాక్టరీలు విశాఖ, కాకినాడలల్ల ఉన్నయి. 2025ల ఎరువుల ఫ్యాక్టరీల కోసం కేంద్ర సంస్థ సెకీ వేలం పెడితే, గ్రీన్ అమ్మోనియా కిలో సుమారు 50 నుంచి 65 రూపాయల మధ్య ఇస్తమని కంపెనీలు ముందుకు వచ్చినయి. కొనేటోడు, ధర, ఎన్నేండ్లు అన్నది రాసుకున్న బేరం ఇది. ఫ్లెక్సీ మీద రాసిన లక్షల కోట్ల కంటే ఈ బేరానికి బలం ఎక్కువ.

భూమి, నీళ్లు, కరెంట్

పూడిమడక హబ్‌ల రోజుకు 1,500 టన్నుల గ్రీన్ హైడ్రోజన్ తీస్తమన్నరు. కిలోకు 50 యూనిట్లు వేసుకున్నా రోజుకు ఏడున్నర కోట్ల యూనిట్లు. గందుకే దానికి 20 వేల మెగావాట్ల సోలార్, గాలి కరెంట్ కావాలని లెక్క చెప్పిండ్రు. ఒక మెగావాట్ సోలార్‌కు 4, 5 ఎకరాలు పడుతది. అంతా సోలారే అనుకుంటే 80 వేల ఎకరాల పైమాటే. అంతా ఒక్క జాగల ఉండదు, కొంత గాలిమరలు ఉంటయి. అయినా ఆ ఎకరాలు ఎవరివి? పట్టా భూమా, అసైన్డ్ భూమా, గొర్లు మేసే గుట్టనా? కౌలా, అమ్ముడా? కౌలు అయితే ఏటా ఎంత పెరుగుతది? కౌలుకు దున్నుకునేటోళ్లకు ఏమిస్తరు? కాగితం మీద సంతకం పెట్టకముందే అడగాలె.

నీళ్ల సంగతిల మాత్రం భయం ఎక్కువైంది. కిలో హైడ్రోజన్‌కు లెక్క ప్రకారం 9 లీటర్ల నీళ్లు. శుద్ధి చేసుడు, సల్లబెట్టుడు కలిపితే ఇంకా ఎక్కువ. 1,500 టన్నులకు రోజుకు కనీసం కోటీ 35 లక్షల లీటర్లు. వినెటందుకు పెద్దగుంటది. మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన రెండున్నర లక్షల మందికి సరిపోయే నీళ్లు. అదే వరితోని పోలిస్తే, ఏడాది మొత్తం నీళ్లు వెయ్యి ఎకరాల ఒక్క పంటకు పారే నీళ్లంత. దానికి రెండు రెట్లు వేసుకున్నా రెండు వేల ఎకరాలు. అంటే నీళ్లు ఎంత అన్నది కాదు, ఏడికెళ్లి తీస్తరు అన్నదే అసలు ప్రశ్న. సముద్రం నీళ్లు శుద్ధి చేసి వాడితే ఒక తీరు. కరువు మండలంల బోర్లేసి తోడితే ఇంకో తీరు. సముద్రం నీళ్లు వాడినా, మిగిలిన ఉప్పు నీళ్లను ఏడ ఇడుస్తరు? పూడిమడక చేపలు పట్టే ఊరు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆ ఊరికి ఉన్నది.

మన పిల్లలకు ఏముంది?

'హైడ్రోజన్ కోర్సు' అని పేరు పెట్టి ఫీజు గుంజేటోళ్లు కూడా వస్తరు. ఈ ఫ్యాక్టరీలల్ల కావలసిన పనులు కొత్త గ్రహం నుంచి రాలే. ఎక్కువ ఒత్తిడి పైపులు అతికే వెల్డర్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా, కెమికల్ ప్లాంట్ ఆపరేటర్, సేఫ్టీ చూసేటోళ్లు. ఐటీఐ, పాలిటెక్నిక్‌ల ఇవి మంచిగ నేర్చుకుంటే హైడ్రోజన్ ఫ్యాక్టరీల పనికొస్తది, రాకుంటే రిఫైనరీల, ఎరువుల ఫ్యాక్టరీల, సోలార్ ప్లాంట్ల పనికొస్తది. హైడ్రోజన్ ఒక్కదాని మీదనే బతుకు పందెం కాయొద్దు.

ఇగ ఎవరన్న హైడ్రోజన్ అని మైక్ పట్టుకుంటే నాలుగు ప్రశ్నలు అడుగుండ్రి. ఏ కరెంట్‌తోని తీస్తరు? ఎవరు కొంటరు, ధర రాసుకున్నరా? ఆ పనికి నేరుగ కరెంట్ పెడితే కాదా? భూమి, నీళ్లు ఎవరివి, వాళ్లకు ఏమిస్తరు? నాలుగిటికీ జవాబు ఉంటే ఆ ప్రాజెక్టుకు చెయ్యి కలపొచ్చు. జవాబు లేకుంటే విట్‌బీ జనం లెక్క నిలబడి అడగాలె.

సర్కార్లకు చెప్పేది కూడా ఒక్కటే. జనం పైసలతోని ఇచ్చే సబ్సిడీ ముందుగాల ఎరువుకు, ఉక్కుకు, రిఫైనరీకి పోవాలె. పట్నం బస్సుకు బ్యాటరీ ఉన్నది, ఇంటి పొయ్యికి కరెంట్ ఉన్నది. రైతు బస్తాకే వేరే దారి లేదు.